విభాగంలో మూడో స్థానం, చేతిలో కప్పు: 2024-25 ఎన్‌హెచ్‌ఎల్ సీజన్‌ను ఎలా అర్థం చేసుకోవాలి?

నిజాంపేట నుంచి మీరు అడిగిన దాని సారాంశం ఇది. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మీ తమ్ముడి పుణ్యమా అని మీకు ఐస్ హాకీ అంటుకుంది. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ 2024-25 సీజన్ ముఖ్యాంశాలన్నీ చూశారు కానీ లెక్క తేలలేదు. 82 మ్యాచ్‌ల పట్టికలో అందరికన్నా పైన నిలిచిన విన్నిపెగ్ రెండో రౌండ్‌లోనే ఎందుకు ఇంటిదారి పట్టింది? మెక్‌డేవిడ్ లాంటి ఆటగాడు ఉండి కూడా ఎడ్మంటన్ వరుసగా రెండో ఏడు ఫైనల్లో ఎందుకు ఓడింది? తన విభాగంలో మూడో స్థానంతో సరిపెట్టుకున్న ఫ్లోరిడా స్టాన్లీ కప్పు ఎలా ఎత్తింది, డబ్బుతోనా, అదృష్టంతోనా? ఏ మ్యాచ్‌లు మళ్లీ చూడాలి?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ కప్పును గెలిచింది ఫ్లోరిడా మూడో లైన్. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు ఎడ్మంటన్‌లో ఉన్నవాణ్ని. అక్కడి కాలనీ రింకుల్లో పిల్లలతోపాటు నేనూ స్కేట్లు కట్టుకుని పడుతూ లేస్తూ ఆట నేర్చుకున్నాను. ఇప్పుడు తార్నాకలో ఉంటున్నా నా అభిమానం ఎడ్మంటన్ జట్టు ఆయిలర్స్ మీదే. కాబట్టి ఫ్లోరిడాను మెచ్చుకునే ప్రతి వాక్యమూ పళ్లబిగువున రాస్తున్నానని గమనించండి.

క్రికెట్‌కు అలవాటుపడ్డ కళ్లతో చూస్తే ఈ ఆటలో మొదట బోల్తా పడేది ఒక్కచోట. ఇరవై ఓవర్ల మ్యాచ్‌లో గొప్ప బ్యాటర్ మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా క్రీజులో ఉండవచ్చు. హాకీలో అలా కుదరదు. మ్యాచ్‌కు మూడు ఇరవై నిమిషాల పీరియడ్లు, మొత్తం 60 నిమిషాలు. మంచు మీద ఒక్కొక్కరు ఉండేది ఒక విడతకు 45 సెకన్ల చిల్లర. ఆపైన కాళ్లు మాట వినవు. నమ్మకం కలగకపోతే ఇందిరా పార్కు స్కేటింగ్ రింకుకు వెళ్లి, చక్రాల స్కేట్ల మీదే ఒక్క నిమిషం పూర్తి వేగంతో తిరిగి చూడండి. మెక్‌డేవిడ్ అంతటివాడు కూడా మ్యాచ్‌కు సగటున 22 నిమిషాలు ఆడతాడు, పెద్ద మ్యాచ్‌లలో ఇంకాస్త. అంటే ఎంత లేదన్నా సగానికి పైగా సమయం ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు బెంచి మీద కూర్చుని నీళ్లు తాగుతుంటాడు. ఆ సమయంలో ఏం జరిగిందన్నదే ప్లేఆఫ్స్ (82 మ్యాచ్‌ల తర్వాత కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు, ఒక్కోదానిలో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లు ముందుకు వెళతారు) కథ.

మ్యాచ్‌కు పన్నెండు మంది ఫార్వర్డ్‌లు దిగుతారు. ముగ్గురు చొప్పున నాలుగు లైన్లు. మొదటి రెండు లైన్లు గోల్స్ కోసం, నాలుగోది శరీరాలు గుద్దడానికి, మధ్యలో మూడోది ఎదుటివాళ్ల పెద్ద ఆటగాళ్లను అడ్డుకోవడానికి. పాత పద్ధతి అది. ఆ మూడో లైనే గోల్స్ కూడా కొట్టడం మొదలుపెడితే ఎదుటి కోచ్‌కు దిక్కు తోచదు. తన మంచి డిఫెండర్ల జంటను ఎవరి మీదకు పంపాలి?

ఇక సీజన్ సంగతి. ఆ సీజన్ విషాదంతో మొదలైంది. 2024 ఆగస్టు 29న న్యూజెర్సీలో సైకిళ్ల మీద వెళుతున్న జానీ గోడ్రో, అతని తమ్ముడు మాథ్యూ కారు ఢీకొని చనిపోయారు. జానీ ఆడిన కొలంబస్ జట్టు మీద ఎవరికీ ఆశలు లేవు. అయినా వాళ్లు చివరి వారం దాకా పోరాడి, కేవలం రెండు పాయింట్ల తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నారు. అరిజోనా నుంచి జట్టు మొత్తం యూటాకు తరలిపోయి సాల్ట్ లేక్ సిటీలో కొత్త కాపురం పెట్టింది కూడా ఆ ఏడే. ఫిబ్రవరిలో ఆల్‌స్టార్ ఆట బదులు నాలుగు దేశాల టోర్నీ పెట్టారు. మాంట్రియల్‌లో అమెరికా, కెనడా తలపడ్డ రాత్రి మొదటి తొమ్మిది సెకన్లలోనే మూడు ముష్టియుద్ధాలు జరిగాయి. ఆ మ్యాచ్ అమెరికా గెలిచినా, బోస్టన్‌లో జరిగిన ఫైనల్‌ను ఓవర్‌టైమ్ (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం) గోల్‌తో 3-2గా కెనడాకు తెచ్చిపెట్టింది మెక్‌డేవిడ్. అతను పెద్ద మ్యాచ్‌లలో తేలిపోతాడని అనేవాళ్లకు ఇదొక్కటి గుర్తుచేస్తే చాలు.

వాషింగ్టన్ జట్టులోని రష్యా ఆటగాడు ఒవెచ్కిన్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. వేన్ గ్రెట్జ్‌కీ 894 గోల్స్ రికార్డు ఎప్పటికీ చెరగదని నా తరం వాళ్లందరం అనుకున్నదే. 39 ఏళ్ల వయసులో, నవంబరులో కాలి ఎముక విరిగి 16 మ్యాచ్‌లు పోగొట్టుకున్న మనిషి, ఆ ఒక్క సీజన్‌లో 44 గోల్స్ కొట్టాడు. 2025 ఏప్రిల్ 6న న్యూయార్క్ ఐలాండర్స్ మీద 895వ గోల్ పడింది. ఎదురుగా వల కాస్తున్న గోలీ ఇలియా సొరోకిన్ కూడా రష్యావాడే. అది ఒవెచ్కిన్‌కు 1,487వ మ్యాచ్. గ్రెట్జ్‌కీ తన జీవితంలో మొత్తం ఆడినవీ సరిగ్గా 1,487 మ్యాచ్‌లే! కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు.

సాధారణంగా మనకు ఈ ఆట తెల్లవారుజామున వస్తుంది. అక్కడ తూర్పు తీరంలో రాత్రి 7 గంటల మ్యాచ్ అంటే మనకు వేసవిలో 4:30, చలికాలంలో 5:30. కానీ ఆ రోజు అక్కడ మధ్యాహ్నం మ్యాచ్ కావడంతో మనకు ఆదివారం రాత్రి పది గంటలకు మొదలైంది. ఆ రోజు శ్రీరామనవమి. ఉప్పల్‌లో సిరాజ్ సొంత ఊళ్లోనే నాలుగు వికెట్లు తీసి సన్‌రైజర్స్‌ను కట్టడి చేసిన రాత్రి కూడా అదే. నగరమంతా ఉప్పల్ వైపు తిరిగి ఉంటే, మా ఇంట్లో ఒక్క టీవీలో మాత్రం తెల్లటి మంచు కనబడుతోంది. పవర్ ప్లేలో ఎడమవైపు వలయం నుంచి ఇరవై ఏళ్లుగా కొడుతున్న ఆ షాట్‌నే మళ్లీ కొట్టాడు. అతను అక్కడి నుంచే కొడతాడని లీగ్‌లో అందరికీ తెలుసు. ఎవరూ ఆపలేకపోయారు. అన్నట్టు, ఈ పవర్ ప్లే క్రికెట్‌లోది కాదు. తప్పు చేసిన ఆటగాణ్ని రెండు నిమిషాలు బయట కూర్చోబెడితే, ఎదుటి జట్టుకు ఒక మనిషి ఎక్కువగా ఆడే అవకాశం వస్తుంది. అదీ ఇక్కడి అర్థం.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వద్దాం. విన్నిపెగ్ 116 పాయింట్లతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. దానికి ప్రధాన కారణం గోలీ కానర్ హెలెబక్. 47 విజయాలు, అత్యుత్తమ గోలీ బహుమతి, దాంతోపాటు లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడి హార్ట్ ట్రోఫీ. గోలీకి హార్ట్ ట్రోఫీ దక్కడం పదేళ్ల తర్వాత అదే మొదలు. చిక్కంతా అక్కడే ఉంది. ఈ లీగ్‌లో సగటు గోలీ పది షాట్లలో తొమ్మిది ఆపుతాడు. జట్టు మ్యాచ్‌కు మూడు గోల్స్ అటూఇటూగా కొడుతుంది. ఇంత తక్కువ గోల్స్ పడే ఆటలో గోలీ ఒక్క వారం తడబడితే చాలు, ఆరు నెలల కష్టం కొట్టుకుపోతుంది. మొదటి రౌండ్‌లో సెయింట్ లూయిస్ గడ్డ మీద ఆడిన మూడు మ్యాచ్‌లలోనూ హెలెబక్‌ను మధ్యలోనే తప్పించాల్సి వచ్చింది.

అయినా ఆ సిరీస్ గెలిచారు. ఏడో మ్యాచ్ గురించి చెప్పకుండా ఉండలేను. రెండు నిమిషాలు మిగిలి ఉండగా విన్నిపెగ్ 1-3తో వెనకబడి ఉంది. గోలీని బయటకు పిలిచి అదనంగా ఒక ఫార్వర్డ్‌ను దింపారు. ఒక గోల్ పడింది. గడియారంలో రెండు సెకన్లు కూడా లేనప్పుడు కోల్ పర్ఫెటి స్కోరు సమం చేశాడు. ఏడో మ్యాచ్‌ల చరిత్రలో అంత ఆలస్యంగా సమం చేసిన గోల్ మరొకటి లేదు. రెండో ఓవర్‌టైమ్‌లో కెప్టెన్ ఆడమ్ లౌరీ ముగించాడు. ఆ రాత్రి చూసినవాళ్లెవరూ విన్నిపెగ్ ఓడుతుందని అనుకోరు. తర్వాతి రౌండ్‌లో డాలస్ చేతిలో ఆరు మ్యాచ్‌లలో ఓడింది. ఆరో మ్యాచ్‌కు ముందు రాత్రే విన్నిపెగ్ ఆటగాడు మార్క్ షైఫెలి తండ్రి చనిపోయారు. అతను వచ్చి ఆడాడు, గోల్ కొట్టాడు. కానీ చివరి క్షణాల్లో అతనికి పడిన పెనాల్టీ ఓవర్‌టైమ్‌లోకి సాగి, ఆ రెండు నిమిషాల్లోనే డాలస్ గోల్ కొట్టింది. మ్యాచ్ అయ్యాక కరచాలనాల వరుసలో డాలస్ ఆటగాళ్లు ఒక్కొక్కరుగా అతణ్ని హత్తుకున్నారు.

మీ తమ్ముడి డాలస్ గురించి నాలుగు మాటలు. వాళ్లకు ఆ వసంతంలో కలిసొచ్చిన పేరు మిక్కో రాంటనెన్. ఇతణ్ని జనవరిలో కొలరాడో కరోలినాకు ఇచ్చేసింది. అక్కడ పొసగక మార్చిలో డాలస్‌కు వచ్చి ఎనిమిదేళ్లకు 9.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. మొదటి రౌండ్‌లో ఎదురైంది ఎవరు? కొలరాడోనే. ఏడో మ్యాచ్‌లో రెండు గోల్స్ వెనకబడి ఉన్నప్పుడు చివరి పీరియడ్‌లోనే హ్యాట్రిక్, అంటే మూడు గోల్స్, కొట్టి పాత యజమానులను ఇంటికి పంపాడు. విన్నిపెగ్ మీద మొదటి మ్యాచ్‌లో మళ్లీ హ్యాట్రిక్. అంత ఊపులో ఉన్న జట్టు కూడా పశ్చిమ ఫైనల్లో (కప్పు ఫైనల్‌కు ముందు మెట్టు) ఎడ్మంటన్ ముందు 4-1 తేడాతో చేతులెత్తేసింది. వరుసగా మూడో ఏడు అదే మెట్టు మీద ఆగిపోయింది. ఐదో మ్యాచ్‌లో రెండు షాట్లకు రెండు గోల్స్ పడగానే కోచ్ పీటర్ డీబోర్ గోలీ ఓటింజర్‌ను తప్పించాడు. ఆ తర్వాత వారం రోజులకే యాజమాన్యం కోచ్‌ను తప్పించింది. మీ తమ్ముడితో ఈ విషయం ఎత్తేటప్పుడు కాస్త చూసుకుని ఎత్తండి.

ఇక ఫ్లోరిడా. 98 పాయింట్లు, విభాగంలో మూడో స్థానం. ప్లేఆఫ్స్‌లో నాలుగు సిరీస్‌లూ ఎదుటివాళ్ల ఊళ్లోనే మొదలుపెట్టాల్సి వచ్చింది. టాంపా, టొరొంటో, కరోలినా, ఎడ్మంటన్. బయటి ఊళ్లలో పది మ్యాచ్‌లు గెలిచారు. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడిగా నిలిచిన శామ్ బెనెట్ 15 గోల్స్ కొడితే అందులో 13 పరాయి ఊళ్లలో కొట్టినవే. ఈ జట్టు కావాలని పట్టికలో పైకి ఎక్కలేదని నా అభిప్రాయం. అంతకుముందు రెండేళ్లూ జూన్ దాకా ఆడిన శరీరాలు అవి. 2023లో ఫైనల్లో ఓడారు, 2024లో గెలిచారు. జనవరిలో ప్రతి మంగళవారం ప్రాణం పెట్టి ఆడితే మే నెలకు ఏమీ మిగలదని వాళ్లకు తెలుసు.

మార్చి నెలలో వాళ్లు చేసిన పనే అసలు కథ. నాలుగు దేశాల టోర్నీలో వాళ్ల ఫార్వర్డ్ మాథ్యూ కచక్ తొడ కండరం తెగింది. 82 మ్యాచ్‌లు ముగిసేదాకా బయటే. ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్టు జీతాలకు పరిమితి ఉంది, ఆ ఏడు 8.8 కోట్ల డాలర్లు. దీర్ఘకాలం గాయపడ్డ ఆటగాడి జీతం మేరకు పరిమితి దాటవచ్చు. ప్లేఆఫ్స్‌లో ఆ పరిమితే వర్తించేది కాదు. కచక్ జీతం 95 లక్షల డాలర్లు. ఆ ఖాళీలో చికాగో నుంచి డిఫెండర్ సెత్ జోన్స్‌ను, బోస్టన్ నుంచి బ్రాడ్ మార్షాండ్‌ను తెచ్చుకున్నారు. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌కు కచక్ తిరిగి వచ్చి రెండు గోల్స్ కొట్టాడు. అన్యాయం అంటారా? గాయం నిజమైనది, నిబంధన అందరికీ ఒకటే. కానీ ఆ నిబంధన తప్పుడు నిబంధనే. 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌కూ జీతాల పరిమితి తెచ్చారంటే లీగ్‌కూ ఆ సంగతి అర్థమైనట్టే.

ఇంకో ఆరోపణ పన్ను గురించి. ఫ్లోరిడా రాష్ట్రంలో ఆదాయపన్ను లేదు కాబట్టి ఆటగాళ్లు తక్కువ జీతానికి ఒప్పుకుంటారని. కొంత నిజం ఉంది. కానీ టెనెసీలో కూడా జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. అక్కడి నాష్‌విల్ జట్టు ఆ సీజన్‌కు ముందు వేసవిలో పేరున్న ఆటగాళ్లను వరసబెట్టి కొని 68 పాయింట్లతో కింద నుంచి మూడో స్థానంలో తేలింది. పన్ను లేకపోతే కప్పు వస్తుందనుకునేవాళ్లు నాష్‌విల్ అభిమానిని ఒకసారి పలకరించాలి.

మార్షాండ్ గురించి. బోస్టన్‌లో పదహారు సీజన్లు ఆడిన కెప్టెన్. చిన్న మనిషి, పెద్ద నోరు, ఎదుటివాళ్లకు కంట్లో నలుసు. అతణ్ని తెచ్చి ఫ్లోరిడా మొదటి లైన్‌లో పెట్టలేదు. ఇద్దరు ఫిన్లాండ్ కుర్రాళ్లు, అంటన్ లుండెల్, ఈటు లుఓస్టారినెన్ పక్కన మూడో లైన్‌లో పెట్టింది. 37వ ఏట ఎవరికైనా ఇది చిన్నతనంగా అనిపించవచ్చు. అతను పండగ చేసుకున్నాడు. టొరొంటో రెండో రౌండ్‌లో ఫ్లోరిడా మీద మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచి, మూడోదానిలో 3-1తో ముందంజలో ఉంది. అది గాని గెలిచి ఉంటే మనం ఈ రోజు వేరే జట్టు గురించి మాట్లాడుకునేవాళ్లం. ఓవర్‌టైమ్‌లో మార్షాండ్ గోల్ కొట్టి సిరీస్‌ను నిలబెట్టాడు. ఏడో మ్యాచ్‌లో టొరొంటో సొంత ఊళ్లో 6-1తో చిత్తయింది. మార్షాండ్ ఏడో మ్యాచ్‌లో టొరొంటోను ఓడించడం అది ఐదోసారి. మొదటి నాలుగూ బోస్టన్ చొక్కాలో. 1967 నుంచి కప్పు లేని ఆ ఊరి మీద నాకు జాలి వేసింది, ఎడ్మంటన్‌వాళ్లకు టొరొంటో మీద జాలి కలగడం అరుదు.

ఫైనల్లో అతను ఆరు గోల్స్ కొట్టాడు. ఎడ్మంటన్ మంచి డిఫెండర్లను బార్కోవ్ లైన్ మీదకో, కచక్, బెనెట్‌ల లైన్ మీదకో పంపాలి కదా. మూడోవాళ్లకు మిగిలింది రెండో తరగతి కాపలా. రెండో మ్యాచ్ చూడండి. ఒక మనిషి తక్కువగా ఆడుతున్నప్పుడు కూడా మార్షాండ్ ఒంటరిగా దూసుకెళ్లి గోల్ కొట్టాడు. చివరి పద్దెనిమిది సెకన్లలో 40 ఏళ్ల కోరీ పెరీ ఎడ్మంటన్‌కు సమం చేశాడు. రెండో ఓవర్‌టైమ్‌లో మళ్లీ మార్షాండే ముగించాడు. అది మొదలైనప్పుడు కాఫీ పెట్టుకున్నాను, అయ్యేసరికి వీధిలో ఆఫీసు క్యాబులు తిరుగుతున్నాయి.

ఎడ్మంటన్ ఏమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. లియోన్ డ్రైసైటిల్ మొదటి మ్యాచ్‌నూ నాలుగో మ్యాచ్‌నూ ఓవర్‌టైమ్‌లో గెలిపించాడు. ఒకే ప్లేఆఫ్స్‌లో నాలుగు ఓవర్‌టైమ్ గోల్స్, అంతకుముందు ఎవరూ చేయనిది. నాలుగో మ్యాచ్‌లో 0-3 నుంచి లేచి 5-4తో గెలవడం నా జ్ఞాపకంలో ఉన్న గొప్ప రాత్రుల్లో ఒకటి, మనకు ఉదయం అనుకోండి. కానీ లెక్క చూడండి. ఆరు మ్యాచ్‌లలో ఫ్లోరిడా 28 గోల్స్, ఎడ్మంటన్ 17. ఎడ్మంటన్ గెలిచిన రెండూ ఒక్క గోల్ తేడాతో, ఓవర్‌టైమ్‌లో. ఫ్లోరిడా గెలుపుల్లో రెండో మ్యాచ్ మినహా అన్నీ మూడు గోల్స్ లేదా అంతకు మించిన తేడాతో వచ్చినవే. ఇది అదృష్టం కాదు.

మెక్‌డేవిడ్ ఓడించాడనే మాట నాకు ఒళ్లు మండిస్తుంది. అతనూ డ్రైసైటిల్‌ చెరి 33 పాయింట్లతో (కొట్టిన గోల్స్, అందించిన గోల్స్ కలిపి) ఆ ప్లేఆఫ్స్ పట్టికలో అందరికన్నా పైన ఉన్నారు. కొరవడింది వాళ్లు బెంచి మీద ఉన్నప్పుడు ఆడేవాళ్లు. ఎదుటి వల ముందు నిలబడి దెబ్బలు తినే జాక్ హైమన్ డాలస్ సిరీస్‌లో మణికట్టుకు గాయమై ఫైనల్‌కు లేడు. వలలో స్కిన్నర్, పికార్డ్, మళ్లీ స్కిన్నర్ అంటూ మార్పులు జరుగుతూనే ఉన్నాయి. అవతల ఫ్లోరిడా గోలీ బోబ్రోవ్‌స్కీని కదిలించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఎక్కడ తవ్వినా తేడా అక్కడే, ఇరవై మందిలో పదకొండో మనిషి నుంచి పదిహేనో మనిషి దాకా. 1993లో మాంట్రియల్ గెలిచాక కెనడాకు స్టాన్లీ కప్ రాలేదు, ఇంకో ఏడు కలిసింది.

ఏవి మళ్లీ చూడాలని అడిగారు. సమయం తక్కువైతే విన్నిపెగ్, సెయింట్ లూయిస్ ఏడో మ్యాచ్ చివరి పీరియడ్ నుంచి పూర్తిగా చూడండి. డాలస్, కొలరాడో ఏడో మ్యాచ్ తమ్ముడితో కలిసి ఫోనులో మాట్లాడుకుంటూ చూడండి. ఫైనల్ రెండో మ్యాచ్, నాలుగో మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా. చూసేటప్పుడు పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే నల్లటి బిళ్ల) వెంట కళ్లు పరుగెత్తించకండి, మొదట్లో ఎలాగూ అందదు. బెంచి గోడ దూకి ఎవరు వస్తున్నారో చూడండి. ఫ్లోరిడా ఆటగాళ్లు పక్‌ను ఎదుటి మూలలోకి విసిరి, దాని వెనకే ఇద్దరు పరుగెత్తి డిఫెండర్‌ను గోడకు నొక్కుతారు, దాన్నే ఫోర్‌చెక్ అంటారు. ఇరవయ్యో సారి అలా జరిగేటప్పటికి ఆ డిఫెండర్ వెనక్కి తిరిగి చూసుకుంటూ పక్ అందుకోవడం మీకే కనబడుతుంది. ఆరో మ్యాచ్ చివరి పీరియడ్ వదిలేసినా నష్టం లేదు. ఫ్లోరిడా ఆటగాడు శామ్ రైన్‌హార్ట్ కొట్టిన నాలుగు గోల్స్‌లో చివరి రెండూ ఎడ్మంటన్ గోలీని తీసేశాక ఖాళీ వలలోకి కొట్టినవే.